చెరిగిన అంకె

మా తాతకు తెనాలి దగ్గర ఒక పల్లెలో కిరాణా కొట్టు ఉండేది. దీపాలు పెట్టాక గల్లాపెట్టె ముందు కూర్చుని ఆవర్జాలో ఆ రోజు పద్దులు రాసేవాడు. పేజీ నిండగానే అడుగున గీత గీసి మొత్తం వేసేవాడు. ఒక వానాకాలం చూరు కారి పుస్తకం తడిసింది. ఒక పద్దు దగ్గర సిరా అలుక్కుపోయి, ఎవరు ఎంత బాకీయో కనపడకుండా పోయింది. నేను కంగారుపడ్డాను. ఆయన పడలేదు. మిగతా పద్దులన్నీ కూడి, అడుగునున్న మొత్తంలోంచి తీసేసి, మరక పక్కనే ఆ అంకె మళ్లీ రాశాడు. "మొత్తం ఉంది గదరా, ఒక్కటి పోతే దొరక్కపోతుందా" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగంలో చేరి, హార్డ్ డిస్కులను గుంపు కట్టే 'రెయిడ్' ఏర్పాటు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ తడిసిన పేజీ గుర్తొచ్చింది. సర్వర్ గదుల్లో పచ్చదీపాలు మిణుకుమనే ఆ పెట్టెల లోపల చాలావాటిలో జరిగేది తాత చేసిన కూడికే. కానీ ఆ మొత్తాన్ని ఏ పేజీలో వెయ్యాలి, పద్దు మారితే దాన్ని ఎలా దిద్దాలి, రెండు పద్దులు ఒకేసారి చెరిగితే ఏం చెయ్యాలి అనే ప్రశ్నలు వచ్చేసరికి పని చాలా సున్నితమైపోతుంది. ఆ సున్నితం తెలిసిన చేతుల పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

వంద డిస్కులు, మూడు వందల గంటలు

1988 జూన్‌లో షికాగోలో జరిగిన సిగ్‌మాడ్ సదస్సులో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ క్యాట్జ్ ఒక పత్రం సమర్పించారు. అది మొదలయ్యేది ఒక బేరంతో. ఒక పక్క ఐబీఎం 3380: పలకలు 14 అంగుళాల వెడల్పు, పట్టేది 7,500 మెగాబైట్లు, తాగే కరెంటు 6,600 వాట్లు. ఇంకో పక్క పర్సనల్ కంప్యూటర్ల కోసం కానర్ పెరిఫెరల్స్ చేసిన సీపీ 3100: 3.5 అంగుళాలు, 100 మెగాబైట్లు, 10 వాట్లు. చిన్నవి 75 కలిపితే పెద్దదాని సామర్థ్యం వస్తుంది, కరెంటు మాత్రం 750 వాట్లతో సరిపోతుంది. పైగా 75 చేతులు ఒకేసారి పనిచేస్తాయి.

బేరం బాగానే ఉంది. చిక్కు ఆ తర్వాతి లెక్కలో వచ్చింది. చిన్న డిస్కు సగటున 30,000 గంటలు నడుస్తుందని తయారీదారు మాట. అంటే మూడేళ్ల పైమాటే. అలాంటివి వంద పక్కపక్కన పెడితే, వాటిలో ఏదో ఒకటి పాడవడానికి పట్టే సగటు సమయం 30,000ని వందతో భాగిస్తే వచ్చే 300 గంటలు. రెండు వారాలు తిరక్కుండానే ఒకటి పోతుంది. దత్తాంశాన్ని వందకీ పంచి ఉంటే, ఒక్కటి పోయినా అంతా పోయినట్టే.

ఈ పత్రంలో నాకు నచ్చేది ఆ 300 గంటల్ని దాచకపోవడం. చవక వస్తువు చెడుతుందని ముందే ఒప్పుకుని, చెడినా ఇల్లు గడిచే తోవ వెతికారు. ఆ తోవకు వాళ్లు పెట్టిన పేరు 'రిడండెంట్ అర్రే ఆఫ్ ఇనెక్స్‌పెన్సివ్ డిస్క్స్', పొట్టిగా రెయిడ్. పెద్ద ఖరీదైన ఒంటి డిస్కుకు 'స్లెడ్' అని చిన్న వేళాకోళం పేరు కూడా తగిలించారు. తరవాత్తరవాత ఈ సరుకును మంచి ధరకే అమ్మిన కంపెనీలకు 'చవక' అన్న మాట మింగుడుపడలేదు కాబోలు, 'ఇనెక్స్‌పెన్సివ్' కాస్తా 'ఇండిపెండెంట్' అయింది.

ఆలోచన పూర్తిగా వాళ్లదే అనలేం. ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల్లో రాసి పెట్టుకోవడం టాండెం కంప్యూటర్లలో అప్పటికే ఉంది. పాడైన భాగంలోని సమాచారాన్ని మిగతావాటి నుంచి తిరిగి కట్టే పద్ధతి మీద ఐబీఎం ఇంజనీరు నార్మన్ కెన్ ఓచీకి 1978లోనే పేటెంటు వచ్చింది. బెర్క్‌లీ వాళ్లు చేసింది చెల్లాచెదురుగా ఉన్న పద్ధతుల్ని ఒకటి నుంచి ఐదు దాకా అంచెలుగా పేర్చి, ఒక్కోదానికి ఎంత ఖర్చు, ఎంత వేగం, ఎంత భద్రత అని బేరీజు వేసి చూపడం. గుంపు కట్టేవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకునేది ఆ నంబర్లతోనే. ఏ రక్షణా లేకుండా ముక్కలు పంచడాన్ని తర్వాత 'రెయిడ్ 0' అన్నారు. ఆ సున్నా భద్రత ఎంతో నిజాయితీగా చెబుతుంది.

పెరగని మొత్తం

తాత కూడికలో ఒక ఇబ్బంది ఉంది. మూడు రెండంకెల పద్దులు కూడితే మొత్తం మూడంకెలకు పెరగొచ్చు. 40, 25, 60 కలిపితే 125. డిస్కుల్లో ఇలా జరిగితే మొత్తం రాసే డిస్కు మిగతావాటికంటే పెద్దది కావాలి. అందుకే ఇక్కడ మామూలు కూడిక బదులు 'ఎక్సార్' వాడతారు. రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1. పక్క స్థానానికి మోసుకెళ్లేది ఏమీ ఉండదు. 1011, 0110, 0100 అనే మూడు ముక్కల ఎక్సార్ 1001. అదీ నాలుగు బిట్లే. ఈ మొత్తాన్నే ప్యారిటీ అంటారు.

రెండో ముక్క ఉన్న డిస్కు పోయిందనుకోండి. మిగిలినవి 1011, 0100, ప్యారిటీ 1001. ఈ మూడింటినీ మళ్లీ ఎక్సార్ చేస్తే 0110 వచ్చి కూర్చుంటుంది. తీసివేత అంటూ వేరే లేదు. కూడికే తీసివేత కూడా. ఎన్ని డిస్కులున్నా మొత్తం ఒక డిస్కు పరిమాణం దాటదు. పోయిన దాన్ని వెతికే పనిముట్టూ, మొత్తం వేసే పనిముట్టూ ఒకటే. ప్రాసెసర్లో ఇంతకంటే చవకైన పని లేదు.

ఇంకో సంగతి గమనించాలి. తాత పని సులువైంది మరక కంటికి కనపడింది కాబట్టి. ఏ పద్దు పోయిందో తెలుసు, ఎంతో తెలియదు, అంతే. డిస్కు కూడా సాధారణంగా ఇలాగే పాడవుతుంది: జవాబివ్వడం మానేస్తుంది, లేదా 'ఈ చోటు చదవలేకపోతున్నాను' అని తనే చెబుతుంది. రెయిడ్ 2లో తప్పు ఎక్కడుందో కూడా కనిపెట్టే హ్యామింగ్ కోడ్ కోసం అదనంగా చాలా డిస్కులు పెట్టారు. డిస్కు తన తప్పు తానే చెప్పేటప్పుడు ఆ దుబారా ఎందుకని రెయిడ్ 3 నుంచి ఒక్క ప్యారిటీ డిస్కుతో సరిపెట్టారు. రెండో అంచె ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో తప్ప కనపడదు.

మొత్తం ఎక్కడ వెయ్యాలి

రెయిడ్ 4లో ప్యారిటీకి ఒక డిస్కు ప్రత్యేకం. నాలుగు డిస్కులుంటే మూడింట్లో దత్తాంశం, నాలుగో దాంట్లో మొత్తాలు. ఏ మూల ఏ పద్దు మారినా ఆ నాలుగో డిస్కు కదలాలి. ముగ్గురు గుమాస్తాలు రాస్తుంటే మొత్తాలు వేసేవాడు ఒక్కడే అయినట్టు: ముగ్గురూ అతని కోసం కాచుకు కూర్చుంటారు.

రెయిడ్ 5 ఆ బరువును పంచేసింది. మొదటి వరసలో మొత్తం నాలుగో డిస్కులో, రెండో వరసలో మూడో డిస్కులో, అలా మూలవాటంగా జరుగుతూ పోతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. పనివాడి చెయ్యి కనపడేది దీని తర్వాతి అడుగులో. ప్యారిటీ జరిగిపోయాక మిగిలిన చోట్లలో దత్తాంశపు ముక్కల్ని ఏ క్రమంలో పెట్టాలి? ఎడమ నుంచి కుడికి నింపుకుంటూ పోవడమే తోస్తుంది ఎవరికైనా. లైనక్స్‌లో మామూలుగా వాడే అమరిక అలా ఉండదు. దాని పేరు 'లెఫ్ట్ సిమెట్రిక్'. 'ప' అంటే ప్యారిటీ అనుకుని చూడండి:

1, 2, 3, ప
5, 6, ప, 4
9, ప, 7, 8
ప, 10, 11, 12

రెండో వరసలో 4వ ముక్క మొదటి డిస్కులోకి వెళ్లలేదు. ప్యారిటీ పక్కనున్న నాలుగో డిస్కులో మొదలై, చుట్టు తిరిగి 5, 6 ముందుకొచ్చాయి. కారణం నిలువుగా చదివితే తెలుస్తుంది. 1 మొదటి డిస్కులో, 2 రెండో దాంట్లో, 3 మూడో దాంట్లో, 4 నాలుగో దాంట్లో. 5 మళ్లీ మొదటిదాంట్లో. 12 దాకా ఎక్కడా లయ తప్పదు. ఒక పెద్ద ఫైలును వరసగా చదివేటప్పుడు వరస నంబర్లున్న ఏ నాలుగు ముక్కలు తీసుకున్నా అవి నాలుగు వేర్వేరు డిస్కుల మీద పడతాయి. నాలుగూ సమానంగా పనిచేస్తాయి. ఎడమ నుంచి కుడికి నింపి ఉంటే 4వ ముక్క మొదటి డిస్కులోకే వచ్చి, అప్పుడే 1ని ఇచ్చిన డిస్కు మళ్లీ పనిలోకి దిగాల్సివచ్చేది, నాలుగోది ఖాళీగా కూర్చునేది.

1991లో ఎడ్వర్డ్ లీ, రాండీ క్యాట్జ్ ఇలాంటి అమరికల్ని పక్కపక్కన పెట్టి కొలిచారు. పైసా ఖర్చు లేదు, అదనపు డిస్కు లేదు. చుక్కలు అవే, కలిపే తీరు మార్చారు. ముగ్గు మారిపోయింది.

రెండు మరకలు పడితే

ఒకే పేజీలో రెండు పద్దులు చెరిగితే తాత ఏం చేసేవాడో నాకు తెలియదు. గణితానికి తెలుసు. అడుగున రెండో మొత్తం ఒకటి వెయ్యాలి. కాకపోతే ప్రతి పద్దునూ దాని వరస సంఖ్యతో గుణించి కూడాలి. 40, 25, 60 అయితే మొదటి మొత్తం 125. రెండోది ఒకటి నలభైలు, రెండు పాతికలు, మూడు అరవైలు కలిపి 270. ఇప్పుడు 25, 60 చెరిగాయనుకోండి. మొదటి మొత్తం వల్ల ఆ రెండూ కలిసి 85 అని తెలుస్తుంది. రెండో మొత్తం వల్ల ఒకదానికి రెండింతలు, ఇంకోదానికి మూడింతలు కలిపితే 230 అని తెలుస్తుంది. 85కి రెండింతలు 170. 230లో అది తీసేస్తే 60. మిగిలింది 25. హైస్కూలు సమీకరణాలే.

రెయిడ్ 6 చేసేది ఇదే. కానీ ఇక్కడ మళ్లీ ఆ పాత చిక్కు: గుణిస్తే అంకెలు పెరుగుతాయి, బైటులో పట్టవు. ఈ చిక్కు విప్పడానికి ఇరవయ్యేళ్ల వయసులో 1832లో ద్వంద్వయుద్ధంలో తగిలిన గాయంతో చనిపోయిన ఫ్రెంచి కుర్రాడు ఎవరిస్ట్ గాల్వా గణితం పనికొచ్చింది. కేవలం 256 అంకెలతో ఒక లోకం కడతారు. అందులో ఏ రెండింటిని కూడినా, గుణించినా, (సున్నాతో తప్ప) భాగించినా జవాబు ఆ 256లోనే ఉంటుంది. ఆ లోకం మీద 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సోలమన్ తయారుచేసిన కోడ్ సీడీ మీద గీతలు పడినా పాట వినిపించడానికి ఉపయోగపడింది. రెయిడ్ 6 రెండో మొత్తం దాని బంధువే.

లైనక్స్‌లో ఈ పని చేసిన హెచ్. పీటర్ ఆన్విన్ కోడ్ చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో డిస్కుకు ఒక్కో గుణకం కావాలి గదా. ఆ గుణకాలుగా 1, 2, 2ను 2తో గుణిస్తే వచ్చేది, ఇలా రెండు ఘాతాలనే ఎంచుకున్నారు. చివరి డిస్కు నుంచి మొదలుపెట్టి, ఇంతవరకు వచ్చినదాన్ని రెండింతలు చేసి తర్వాతి డిస్కు ముక్కతో ఎక్సార్ చేసుకుంటూ వస్తే రెండో మొత్తం తయారు. గుణకారాల పట్టిక అక్కర్లేదు. రెండింతలు చెయ్యడమంటే బిట్లన్నీ ఒక్క అడుగు ఎడమకు జరపడం. పైబిట్టు పొంగిపోతే 29తో ఒక ఎక్సార్ చేసి లోపలికి తేవడం. 29 ఎందుకంటే, దానితో నడిపితే ఒకటి నుంచి బయల్దేరి రెండింతలు చేసుకుంటూ పోయినప్పుడు 255 వేర్వేరు విలువలూ ముగిశాకే మళ్లీ ఒకటి దగ్గరికి వస్తాం. అంటే 255 దత్తాంశ డిస్కుల దాకా ఏ రెండింటికీ ఒకే గుణకం రాదు. గాల్వా లోకమంతా ఒక జరుపుడు, ఒక ఎక్సార్‌లోకి ఇమిడిపోయింది.

దిద్దుబాటు, దీపం ఆరడం

25 రూపాయల పద్దును 30 చెయ్యాలంటే పేజీ అంతా మళ్లీ కూడక్కర్లేదు. తేడా ఐదు, దాన్ని పాత మొత్తానికి కలిపితే చాలు. డిస్కుల గుంపూ అంతే: పాత ముక్క చదువు, పాత ప్యారిటీ చదువు, ఆ రెంటినీ కొత్త ముక్కతో ఎక్సార్ చేసి కొత్త ప్యారిటీ కట్టు, కొత్త ముక్క, కొత్త ప్యారిటీ రెండూ రాయి. తెలివైన దారే. కానీ ఒక్క చిన్న రాత నాలుగు పనులైంది. రెయిడ్ 6లో ఆరవుతుంది. క్షణానికి వందల చిన్న దిద్దుబాట్లు చేసే డేటాబేసులకు రెయిడ్ 5, 6 బరువనిపించేది ఇందుకే. అక్కడ జంటల పద్ధతి, అంటే రెయిడ్ 10, నడుస్తుంది: ప్రతి ముక్కా రెండు చోట్ల రాస్తారు, మొత్తాల గొడవే లేదు, సగం జాగా మాత్రం పోతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. పద్దు దిద్దాక, మొత్తం దిద్దేలోపు దీపం ఆరిపోతే? పేజీ చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, మొత్తం మాత్రం అబద్ధం. ఆ అబద్ధం ఇవాళ బయటపడదు. ఎప్పుడో ఒక డిస్కు పోయి, ఈ మొత్తాన్ని నమ్మి పాత అంకె వెతికిన రోజున బయటపడుతుంది. దీన్ని 'రైట్ హోల్' అంటారు. కంట్రోలర్ కార్డులు చేసేవాళ్లు కార్డు జ్ఞాపకానికి బ్యాటరీ కట్టారు: కరెంటు పోయినా రాయవలసింది అందులో నిలిచి ఉంటుంది. లైనక్స్ ముందుగా ఒక చిత్తుపటంలో 'ఈ భాగంలో రాయబోతున్నాను' అని గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు తిరిగి వచ్చాక గుర్తున్న చోట్లే సరిచూసి మొత్తాలు కొత్తగా వేస్తుంది. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ అసలు దిద్దడమే మానేసింది. పాత పద్దు జోలికి పోదు. కొత్త పద్దు, దాని మొత్తం వేరే ఖాళీ చోట పూర్తిగా రాశాక, చివర్లో సూచికలో పేజీ నంబరు మారుస్తుంది. దీపం ఎప్పుడు ఆరినా, ఉంటే పాత పేజీ, లేకుంటే కొత్త పేజీ. సగం దిద్దిన పేజీ అంటూ ఉండదు.

గుంపు కట్టే చెయ్యి

ఇప్పటిదాకా చెప్పింది రూపకర్తల పనితనం. గుంపు కట్టే ఇంజనీరు చేతికీ ఒక పనితనం ఉంది. పన్నెండు డిస్కులు, ఒక్కోటి 16 టెరాబైట్లు బల్ల మీద పెట్టి చూడండి. రెయిడ్ 0 అయితే 192 టెరాబైట్లూ మీవే, ఒక్కటి పోతే ఏదీ మీది కాదు. రెయిడ్ 5 అయితే 176. రెయిడ్ 6 అయితే 160. ఆరేసి చొప్పున రెండు రెయిడ్ 6 గుంపులు కట్టి కలిపితే 128; దాన్ని రెయిడ్ 60 అంటారు. జంటలు కడితే 96. కొత్తవాడికి 176 కనపడుతుంది. పాతవాడు ఇంకో లెక్క వేస్తాడు.

ఒక డిస్కు పోయి కొత్తది పెట్టాక దాన్ని నింపాలి. సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా 16 టెరాబైట్లకు 80,000 సెకన్లు, అంటే 22 గంటలకు పైనే. అంతసేపూ మిగతా పదకొండు డిస్కుల్నీ ఆసాంతం చదవాలి: 176 టెరాబైట్లు. మామూలు డిస్కుల కాగితాల మీద కంపెనీలు రాసే హామీ ఏమిటంటే, పదికి పద్నాలుగో ఘాతమన్ని బిట్లు చదివితే ఒక చోట చదవలేకపోవడం ఒకసారికి మించి జరగదని. అంటే 12.5 టెరాబైట్లు. నిజానికి డిస్కులు ఈ హామీకంటే బాగానే నడుస్తాయి. అయినా రెయిడ్ 5లో ఉన్న ఒక్క మొత్తమూ అప్పటికే పోయిన డిస్కు కోసం ఖర్చయిపోయింది. ఇంకో మరక పడితే తీర్చడానికి ఏమీ మిగల్లేదు. అందుకే పెద్ద డిస్కులతో గుంపు కట్టేటప్పుడు పాతవాడి వేలు రెయిడ్ 6 మీదే ఆగుతుంది.

తర్వాత డిస్కులు ఏ అరలోంచి తీసుకోవాలన్నది. ఆరు అరల పెట్టెలుంటే, ఒక్కో గుంపుకు ఒక్కో అరలోంచి ఒక్కో డిస్కు చొప్పున నిలువుగా ఏరుకుంటాడు. ఒక అర మొత్తం కరెంటు పోయి పడుకున్నా ప్రతి గుంపుకూ నష్టమయ్యేది ఒక్క డిస్కే. అడ్డంగా ఏరుకుని ఉంటే ఒక గుంపు గంపగుత్తగా పోయేది. కొనేటప్పుడు కూడా అన్నీ ఒకే లాటులోవి కాకుండా చూస్తాడు. ఒకే కాన్పు పిల్లలకు ఒకే జబ్బు ఒకేసారి వచ్చే అవకాశం ఎక్కువ.

ముక్క పరిమాణం ఇంకో సంగతి. లైనక్స్ మామూలుగా పెట్టేది 512 కిలోబైట్లు. ఆరు డిస్కుల రెయిడ్ 6లో నాలుగు ముక్కల దత్తాంశం, అంటే వరసకు 2 మెగాబైట్లు. ఫైల్ సిస్టమ్‌కు ఈ కొలత ముందే చెబితే అది రాతల్ని వరసలకు వరసలుగా పోగుచేసి పంపుతుంది. పూర్తి వరస ఒకేసారి వస్తే పాతవి చదవక్కర్లేదు. మొత్తం అక్కడికక్కడే వేసి రాసెయ్యొచ్చు. కొలత తప్పితే ప్రతి పెద్ద రాతా రెండు వరసల మీదికి ఒరిగి, నాలుగు పనులు, ఆరు పనుల జంజాటం మళ్లీ మొదలవుతుంది.

డిస్కు స్వభావం కూడా చూడాలి. ఇంటి కంప్యూటరు కోసం చేసిన డిస్కు ఒక చోటు చదవలేకపోతే పట్టువదలకుండా చాలాసేపు ప్రయత్నిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచి గుణమే. ఉన్న ఒక్క ప్రతీ తనదే గదా. గుంపులో అదే చేటు. లైనక్స్ 30 సెకన్లు చూసి, జవాబు రాకపోతే చివరికి డిస్కునే పక్కన పెట్టేస్తుంది. అందుకే గుంపుల కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్లకే 'నావల్ల కాలేదు' అని చెప్పేస్తాయి. మిగతావాళ్లు మొత్తంలోంచి లెక్కకట్టి ఆ ముక్క అందిస్తారు, ఆ చోట తిరిగి రాయిస్తారు.

గుంపులో ఉండే డిస్కులు పక్కవాటి అదురును కూడా ఓర్చుకోవాలి. 2008 చివర్లో సన్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల పెట్టె ముందు నిలబడి గట్టిగా అరిచి చూపించాడు. ఆ క్షణంలో డిస్కులు జవాబిచ్చే సమయం గ్రాఫులో ఎగిరి దూకింది. కేకకే అంత ఉలిక్కిపడేవి, పక్కపక్కన పన్నెండు తిరుగుతుంటే ఎంత ఓర్చుకుంటున్నట్టు?

నీటుగా రాసిన తప్పు

మరక కనపడితే సరే. ఎవరో 25 బదులు 52 అని అందంగా రాసి ఉంటే? మొత్తం సరిపోవడం లేదని తెలుస్తుంది. తప్పు ఏ పద్దులో ఉందో ఒక్క మొత్తం చెప్పలేదు. అందుకే జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి ముక్క నుంచీ లెక్కకట్టిన ఒక సరిచూపు సంఖ్యను ఆ ముక్క దగ్గర కాక, దాన్ని చూపించే పై సూచికలో దాస్తుంది. అబద్ధమాడిన డిస్కు తన సాక్ష్యం తానే చెప్పుకోలేదు.

ఎవరూ చదవని పాత ముక్కల్లో మరక పడితే అసలు తెలియనే తెలియదు. డెబియన్ లైనక్స్‌లో నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక గుంపంతా ఒకసారి చదివి మొత్తాలు సరిచూసే ఏర్పాటు మామూలుగా ఉంటుంది. ఇంట్లో బియ్యం డబ్బాలు దించి ఎండబెట్టినట్టు. పురుగు పట్టిందని అన్నం వండేటప్పుడు తెలుసుకోవడం కంటే ఇది నయం.

ఇంత చేసినా ఆవర్జా మొత్తం చెదలు తినేస్తే మొత్తాలు కూడా చెదల పాలే. పొరపాటున ఫైలు చెరిపేస్తే గుంపు ఆ చెరపడాన్ని కూడా శ్రద్ధగా అన్ని డిస్కుల్లోనూ అమలుచేస్తుంది. వేరే ఊళ్లో వేరే నకలు ఉండాల్సిందే. రెయిడ్ పని కొట్టు మూతపడకుండా చూడడం. కొట్టు తగలబడితే ఆదుకోవడం నకలు పని.

ఆరో అక్షరం

మా ఇంట్లో బల్ల కింద ఆరు డిస్కుల పెట్టె ఒకటి కట్టుకున్నాను, రెయిడ్ 6తో. పెళ్లి వీడియోలు, తాత ఆవర్జా పేజీల స్కాన్లు, పాత సినిమాలు అన్నీ అందులోనే. కట్టిన వారం ఒక సినిమా నడుస్తుండగా మూడో డిస్కును చేత్తో బయటికి లాగేశాను. ఇలాంటి పరీక్ష లోపల ఏమీ విలువైనది లేనప్పుడే చెయ్యాలి; నేనూ అప్పటికి సినిమా తప్ప ఏమీ ఎక్కించలేదు. తెర మీద బొమ్మ ఆగలేదు. పాట తెగలేదు. లేని డిస్కులోని ముక్కల్ని మిగతా ఐదూ అప్పటికప్పుడు లెక్కకట్టి అందిస్తున్నాయి. లైనక్స్ స్థితి చూపించే చోట బాగున్న ప్రతి డిస్కుకీ ఒక 'యు' అక్షరం ఉంటుంది. మూడో 'యు' ఉన్నచోట అడ్డగీత వచ్చింది. కొత్త డిస్కు పెట్టాను. మర్నాటికి ఆరు 'యు'లూ ఉన్నాయి.

అప్పుడొక సంగతి గమనించాను. నేను లాగింది మూడోదేనని నాకెలా తెలుసు? ఎందుకంటే పెట్టె కట్టిన రోజునే ప్రతి డిస్కు సీరియల్ నంబరులోని చివరి నాలుగంకెలు తెల్లకాగితం ముక్క మీద రాసి దాని ముఖాన అతికించాను. తెర మీద కనపడే పేరు రీబూట్ చేస్తే మారొచ్చు, కేబుల్ మారిస్తే మారొచ్చు. ఒకటి పాడై గుంపు నీరసంగా ఉన్న వేళ, కంగారులో బాగున్న డిస్కును లాగి గుంపుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. గాల్వా గణితం ఆ చెయ్యిని ఆపలేదు.

కాగితం మీద రాసేటప్పుడు బాల్‌పెన్ వాడాను. తడిసినా అలుక్కుపోదని.